ఆ కార్డు ముక్క ఎవరెవరు చదివారు?

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక తెలుగు టీచరు తన టీనేజీ దెయ్యం నవల గురించి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, ఉపాధ్యాయ మిత్రులకి, తల్లిదండ్రులకి, వెనక గోడ దగ్గర నిలబడ్డ పిల్లలకి. పిల్లలూ, మీరు ముందుకి రండి. అదిగో, ఇటు పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను మాట్లాడేది ముఖ్యంగా మీతోనే. రండమ్మా, మొహమాటపడకండి.

ఇవాళ తారీకెంత? పంతొమ్మిది. నవంబరు 19. గ్రంథాలయ వారోత్సవాలు ఏటా 14న మొదలై 20న ముగుస్తాయి కదా, అందుకని ఈ తారీకు ఎప్పుడూ వీటి లోపలే వస్తుంది. కానీ మన కృష్ణా జిల్లా వాళ్ళకి ఇది ఇంకోలా గుర్తు. పెద్దవాళ్ళు తలలూపుతున్నారు. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. నాకప్పుడు పదిహేనేళ్ళు, బందరులో చదువుకుంటున్నాను. ఆ రాత్రి గాలి మోత నాకింకా చెవుల్లోనే ఉంది. తలుపుకి మంచం అడ్డం పెట్టి, దాని మీద నలుగురం కూర్చున్నాం. తెల్లారాక, ఆ తర్వాతి రోజుల్లో, ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే వినపడ్డాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి. వేల మంది పోయారు. నా నవల్లో దెయ్యం ఆ రాత్రి పోయిన పిల్ల. పేరు నాంచారి. బతికుంటే నా ఈడు.

ఫోన్లలో పిల్లల్ని ఏడిపించడం గురించి నవల రాశానంటే, దాంట్లో ఉప్పెనలో పోయిన పిల్ల ఎందుకొచ్చింది అని చాలామంది అడిగారు. ఇవాళ అదే చెబుతాను. కొంచెం చుట్టు తిరిగి వస్తాను, ఓపిక పట్టండి.

ముందు దెయ్యాల సంగతి. పిల్లలూ, 'ఓ స్త్రీ రేపు రా' అని ఇంటి తలుపుల మీద రాసేవాళ్ళని విన్నారా? సినిమాల్లో చూసి ఉంటారు. మేం నిజంగానే చూశాం. సుద్దతో, బొగ్గుతో, ఏది దొరికితే దాంతో రాసేవాళ్ళు. రాత్రిపూట ఒక ఆడదెయ్యం వచ్చి తలుపు కొడుతుందని, తలుపు మీద ఈ మాట చదివి, సరే రేపు వద్దామని వెళ్ళిపోతుందని నమ్మకం. ఎవరు మొదలుపెట్టారు? తెలియదు. ఎవరైనా కళ్ళారా చూశారా? లేదు. పక్కింటి వాళ్ళు రాశారు కాబట్టి మనమూ రాశాం. పక్క ఊళ్ళో రాశారు కాబట్టి మన ఊళ్ళో రాశారు. ఫోను లేదు, నెట్ లేదు, అయినా ఊరూరా పాకింది. ఇవాళ దాన్ని ఫార్వర్డ్ అంటున్నాం. 2018లో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న పుకార్లు ఫోన్లలో తిరిగి, దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ ఏడాది జూలైలోనే వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒక్కసారికి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టారు. మన తలుపుల మీది రాతకి అలాంటి కట్టడి పెట్టినవాళ్ళు లేరు. కానీ ఆ రాత వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. తేడా అక్కడుంది.

ఇంకో దెయ్యం. ఈయన మీ అందరికీ తెలుసు. బేతాళుడు. 1947 జూలైలో 'చందమామ' మొదలైంది. దాంట్లో బేతాళ కథ కోసం మేం ఎదురు చూసేవాళ్ళం. పుస్తకం ఇంటికొస్తే ముందు ఎవరు చదవాలని మా అన్నకీ నాకూ పోట్లాట. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తుంటాడు. శవంలోని బేతాళుడు కథ చెప్పి చివర్లో ఒక ప్రశ్న వేస్తాడు. దాని షరతేమిటి? చెప్పండి పిల్లలూ. ఆ, గట్టిగా చెప్పమ్మా. సమాధానం తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుంది. భేష్. మరి చెబితే? చెబితే మౌనం పోతుంది. మౌనం పోతే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. అంటే నోరు తెరిస్తే పడ్డ శ్రమంతా వృథా, తెరవకపోతే తల పగులుతుంది.

చిన్నప్పుడు ఇది రాజుకి పెట్టిన చిక్కు అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళకి పైగా పాఠాలు చెప్పాక, ఇది మీ అందరి చిక్కు అని అర్థమైంది. క్లాసు గ్రూపులో ఒకడు ఎవరి ఫొటోనో పెట్టి ఎగతాళి చేస్తాడు. మీకు తెలుసు అది తప్పని. నోరు తెరిస్తే ఏమవుతుంది? రేపు మీ ఫొటో పెడతారు. గ్రూపులోంచి తీసేస్తారు. 'నీకెందుకే మధ్యలో' అంటారు. తెరవకపోతే? పైకి ఏమీ కాదు. తల పగిలిన చప్పుడు బయటికి వినపడదు. కానీ ఎన్నేళ్ళయినా ఆ చప్పుడు లోపల వస్తూనే ఉంటుంది. నాకు వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

ఆ సంగతి చెప్పాలి మీకు. కరోనా వచ్చినప్పుడు బడులు మూసేశారు కదా, 2020లో. అప్పుడు ప్రతి క్లాసుకీ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాం. అమ్మ ఫోను, నాన్న ఫోను, అన్న ఫోను, ఏది దొరికితే అది. బడులు తెరిచాక కూడా ఆ గ్రూపులు అలాగే ఉండిపోయాయి. తొమ్మిదో తరగతి గ్రూపులో నేనూ ఉన్నాను. ఒకసారి పద్యాల పోటీ పెట్టాను. ఒకమ్మాయి పోతన గారి గజేంద్రమోక్షం పద్యం చదివింది. ఏనుగు ఇక నాలో బలం లేదయ్యా, నువ్వే దిక్కు అని మొరపెట్టుకునే పద్యం. నోటికి వచ్చిన పద్యమే. కానీ స్టేజీ ఎక్కేసరికి మూడో పాదంలో గొంతు పట్టేసింది. ఒక్క అక్షరం దగ్గర ఆగి, అదే అక్షరాన్ని ఐదారుసార్లు అంది. తర్వాత నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టి, పద్యం మొత్తం పూర్తి చేసింది. నేను చప్పట్లు కొట్టాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆ రాత్రి గ్రూపులో ఒక వీడియో వచ్చింది. పదకొండు సెకన్లు. ఆ పిల్ల ఆగిపోయిన చోటే కత్తిరించి, ఆ అక్షరానికి మేక అరుపు కలిపారు. నేను వంటింట్లో ఉన్నాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఒక చేత్తో గరిట, ఒక చేత్తో ఫోను. చూశాను. 'ఈ పిల్లలకి పనీపాటా లేదు' అనుకున్నాను. ఫోను పక్కన పెట్టేశాను. అంతే. అంతకు మించి నేనేమీ చేయలేదు.

మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పది రోజులకి వాళ్ళ నాన్న టీసీ కోసం వచ్చాడు. అడిగితే, 'ఇంట్లో కూడా మాట్లాడట్లేదు టీచర్‌గారూ, గొంతు పోయిందేమోనని డాక్టరు దగ్గరికి తీసికెళ్ళాం' అన్నాడు. ఆ పిల్ల గొంతు బాగానే ఉంది. ఆ గొంతుతో ఏ మాట అన్నా వెనక మేక అరుస్తుందని ఆ పిల్ల భయం. ఆలోచించండి. మా రోజుల్లో బడిలో ఎవరైనా వెక్కిరిస్తే సాయంత్రం గంట కొట్టాక ఇల్లు ఉండేది. ఇంట్లో అమ్మ ఉండేది, అన్నం ఉండేది, నిద్ర ఉండేది. ఇప్పుడు ఆ మేక ఇంటికొచ్చింది, మంచం మీదికొచ్చింది, దుప్పటి కిందికి కూడా వచ్చింది.

వీడియో చేసిన అబ్బాయి ఎవరో తెలిసింది. పిలిచాను. వాడు చెడ్డవాడు కాదు. నిజంగా కాదు. భయంతో చెమటలు పట్టి, ఫోను నా చేతిలో పెట్టి, 'టీచర్, ఎవ్వరూ ఏమీ అనలేదు టీచర్, అందరూ చూశారు టీచర్' అన్నాడు. తప్పించుకోవడానికి అన్నాడనుకున్నాను. వాడేమో ఆ మెసేజ్ మీద వేలు నొక్కి పట్టుకుని, ఇన్ఫో అని ఉంటుంది, అది తెరిచి చూపించాడు. నాకప్పటిదాకా తెలియదు అలాంటిది ఉంటుందని. మీలో ఎంతమందికి తెలుసు? పిల్లలందరూ చేతులెత్తారు, పెద్దవాళ్ళు ముగ్గురే ఎత్తారు. చెబుతాను. గ్రూపులో మనం పెట్టిన మెసేజ్‌ని ఎవరెవరు చూశారో అక్కడ పేర్లతో సహా వస్తుంది. నీలం టిక్కులు కనపడకుండా ఆపుకోవచ్చు కదా అంటారు. మామూలుగా ఆపుకోవచ్చు. గ్రూపులో కుదరదు. గ్రూపులో చూస్తే చూసినట్టే. పైగా ఆ జాబితా పెట్టినవాడికి ఒక్కడికే కనపడుతుంది.

నలభై మూడు పేర్లు. పైనుంచి మూడోది నాది.

కాసేపు ఏం మాట్లాడాలో తెలియలేదు నాకు. ఆ అబ్బాయిని తిట్టడానికి పిలిచినదాన్ని, తిట్టలేకపోయాను. వాడు చెప్పింది అక్షరాలా నిజం. నలభై మూడు మంది చూశాం, ఒక్కరం కూడా 'తీసేయరా' అనలేదు. ఒక్కరు అని ఉంటే? వాడే నాతో అన్నాడు, 'ఒక్కరు అన్నా తీసేసేవాణ్ణి టీచర్' అని. నేను నమ్ముతున్నాను.

నా నవల అక్కడ పుట్టింది, ఆ జాబితాలో.

ఇప్పుడు నవల గురించి. మా తరానికి టీనేజీ సాహిత్యం అంటూ విడిగా లేదు. చందమామ వయసు దాటగానే నేరుగా డిటెక్టివ్ నవలల్లోకి దూకేవాళ్ళం. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. లెక్కల పుస్తకంలో దాచుకుని చదివాం. అక్కడ ఒక హత్య జరుగుతుంది, చేసినవాడు ఒక్కడు, చివరి పేజీల్లో దొరికిపోతాడు, మనం హాయిగా నిద్రపోతాం. ఆ అచ్చులో ఈ కథ రాద్దామని కూర్చున్నాను. నాలుగు అధ్యాయాలు రాసి చింపేశాను. ఎందుకంటే ఆ అచ్చులో నేరస్థుడు దొరకగానే మిగిలినవాళ్ళందరూ ఇంటికి వెళ్ళిపోతారు. అందరూ మంచివాళ్ళయిపోతారు. నా దగ్గరేమో నలభై మూడు పేర్లున్నాయి.

అందుకే దెయ్యం కావలసి వచ్చింది. పోలీసుకి నేరం చేసినవాడు కావాలి. చూసి ఊరుకున్నవాళ్ళ దాకా ఏ సెక్షనూ రాదు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగగలిగేది దెయ్యం ఒక్కటే.

అయితే ఎవరి దెయ్యం? ఇక్కడ కాసేపు ఆగాలి. ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ, ఇది మీరు జాగ్రత్తగా వినండి. మామూలుగా ఇలాంటి కథల్లో ఏం చేస్తారు? ఏడిపించబడ్డ పిల్ల ప్రాణం తీసుకుంటుంది, దెయ్యమై తిరిగొచ్చి ఒక్కొక్కరి మీద పగ తీర్చుకుంటుంది. చదవడానికి ఉత్కంఠగానే ఉంటుంది. కానీ ఇలాంటి బాధలో ఉన్న పద్నాలుగేళ్ళ పిల్ల ఆ పుస్తకం చదివితే దానికి ఏం వినపడుతుంది? 'నువ్వు పోతేనే వాళ్ళకి బుద్ధొస్తుంది, పోతేనే నీ మాట వింటారు' అని వినపడుతుంది. ఇది అబద్ధం. ఘోరమైన అబద్ధం. పోయినవాళ్ళు తిరిగొచ్చి ఎవర్నీ అడగరు. ఏడ్చేది అమ్మా నాన్నే. నేను ఆ అబద్ధం రాయనని ఒట్టు పెట్టుకున్నాను. నా నవల్లో ఏడిపించబడ్డ పిల్ల భార్గవి. ఆ పిల్ల బతికే ఉంటుంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా బతికే ఉంటుంది. పిల్లలూ, మీలో ఎవరికైనా, లేదా మీ స్నేహితులకి, అలాంటి ఆలోచన ఒక్క క్షణం వచ్చినా, 14416. టెలీ మానస్ అంటారు, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. 1098 పిల్లల హెల్ప్‌లైన్. రాసుకోండి. ఫర్వాలేదు, నేను ఆగుతాను, రాసుకోండి.

సరే. బతికున్న పిల్ల దెయ్యం కాలేదు. మరి ఎవరు? అప్పుడు మా అమ్మమ్మ మాటలు గుర్తొచ్చాయి. ఆమె దెయ్యాల గురించి ఎక్కువ చెప్పేది కాదు. పేరంటాళ్ళ గురించి చెప్పేది. మన కోస్తా జిల్లాల్లో ఊరికొక పేరంటాలు గుడి ఉంటుంది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకి ఎంత జనం వెళ్తారో మీకు తెలుసు. అన్యాయం పడ్డ ఆడపిల్లని, అర్ధాంతరంగా పోయిన ఆడపిల్లని ఊరు మర్చిపోకుండా దేవతని చేసుకుంది, కథ కట్టి పాడుకుంది. మా అమ్మమ్మ అనేది, 'ఆ కథలు పిల్ల పుణ్యం కోసం పాడరే, ఊరి తప్పు ఊరు ఒప్పుకోవడం కోసం పాడతారు' అని. ఈ మాట ఏ పుస్తకంలోనూ చదవలేదు నేను. ఆమె అన్నదే. నాకు కావలసిన దెయ్యం ఇదని తెలిసిపోయింది.

అలా నాంచారి వచ్చింది. 1977. దివిసీమ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న తొమ్మిదో తరగతి పిల్ల. ఆ పిల్ల మీద హాస్టలుకి ఒక ఉత్తరం వస్తుంది. పేరు లేదు, ఊరు లేదు. దాన్ని మనం ఏమంటాం? ఆకాశరామన్న ఉత్తరం. చూడండి, ఇవాళ ఫేక్ ఐడీ అంటున్నారే, దానికి మన భాషలో ఎప్పటినుంచో పేరుంది. ముఖం లేనివాడు, ఊరు లేనివాడు, ఆకాశంలోంచి రాళ్ళు వేసేవాడు. కవరులో వచ్చి ఉంటే వార్డెను ఒక్కరే చదివేవారు. వచ్చింది కార్డు ముక్క. కార్డు అంటే తెలుసా పిల్లలూ? పోస్టుకార్డు. అతికించడం ఉండదు. చేతులు మారిన ప్రతిచోటా చదవొచ్చు. పోస్టుమాను చదివాడు, వాచ్‌మెన్ చదివించుకున్నాడు, వంటామె విన్నది, పెద్ద క్లాసు అమ్మాయిలు చదివి చేతులు మార్చుకున్నారు, చివరికి వార్డెను బల్ల మీదికి వచ్చింది. పిల్లని ఇంటికి పంపేశారు. నవంబరు 17న పంపేశారు. పంతొమ్మిది రాత్రి ఉప్పెన వచ్చింది.

ఆ కార్డు రాకపోయి ఉంటే ఆ పిల్ల హాస్టలు మేడ మీద ఉండేది. బతికేది.

ఇది కల్పన. నాంచారి నేను అల్లుకున్న పిల్ల. కానీ ఆ రాత్రి ఎవరు ఏ ఊళ్ళో ఉండటానికి ఎంత చిన్న కారణం చాలిందో ఆ తరం వాళ్ళనడిగితే చెబుతారు. పెళ్ళికని వెళ్ళినవాళ్ళు, కోతలకని వెళ్ళినవాళ్ళు, బస్సు తప్పిపోయి ఆగిపోయి బతికినవాళ్ళు.

ఇక కథలో ఇప్పటి కాలం. అదే ఊళ్ళో ఒక బడి. భార్గవి ఫొటోని మార్ఫింగ్ చేసి ఎవరో క్లాసు గ్రూపులో పెడతారు. పెట్టిన నంబరు ఎవరికీ తెలియదు, గ్రూపు లింకు పట్టుకుని చేరి, పెట్టి, వెళ్ళిపోయింది. భార్గవి బడికి రావడం మానేసింది. కథ చెప్పే పిల్ల పేరు మౌనిక. ఆ పేరు కావాలనే పెట్టాను. మౌనిక ఆ ఫొటో పెట్టలేదు, పంపలేదు, ఏ పాపమూ ఎరగదు. ఒక్క నవ్వు బొమ్మ పెట్టింది. అందరూ పెట్టారని పెట్టింది.

ఆ వారం బడి లైబ్రరీలో ఒక పుస్తకం దొరుకుతుంది. వాపసు పుస్తకాల పెట్టెలో ఉంటుంది. అట్ట తడిగా ఉంటుంది, పేజీలు అతుక్కుపోయి, అంచుల మీద ఉప్పు తెల్లగా తేలి ఉంటుంది. వెనక అట్టకి తారీకుల చీటీ అంటించి ఉంటుంది కదా, పాత పుస్తకాలకి, ఇక్కడ బీరువాల్లో కూడా ఉన్నాయి, చూడండి ఇంటికెళ్ళే ముందు. ఆ చీటీ మీద ఆఖరి ముద్ర 12-11-1977. తీసుకున్నది నాంచారి. వాపసు రాలేదు. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత ఎవరు తెచ్చి పెట్టారు? పుస్తకం మధ్యలో ఒక కార్డు ముక్క. సిరా అంతా కరిగిపోయి, అడ్రసు తప్ప ఒక్క అక్షరం మిగల్లేదు. ఆ రాత్రి నుంచి మౌనిక మంచం పక్కన తడి అడుగులు. దెయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. ఈ పాదాలు మామూలుగానే ఉంటాయి. మౌనిక వైపే తిరిగి ఉంటాయి.

నాంచారి ఫోనులోకి రాదు. ఫోనులో దెయ్యం మెసేజ్‌లు పెట్టే కథలు పిల్లలకి కొత్త కాదు. 1977లో పోయిన పిల్లకి ఫోనేం తెలుసు? ఆ పిల్లకి తెలిసింది కార్డు, సిరా, గుమ్మం, నీళ్ళు. కథంతా నాంచారి ఒకటే ప్రశ్న అడుగుతుంది. కార్డు ఎవరు రాశారని అడగదు. అది ఆ పిల్లకి తెలుసేమో కూడా. 'ఎవరెవరు చదివారు?' అని అడుగుతుంది. మౌనికకి మొదట అర్థం కాదు. తర్వాత, ఆ ఫొటో పెట్టిన ఫోను దొరికితే దాంట్లో జాబితా ఉంటుందని, దాంట్లో తన పేరు ఉంటుందని తోస్తుంది. అక్కడి నుంచి డిటెక్టివ్ కథ. ఆ ఫోను వెతకాలి. వెతుకుతున్నకొద్దీ ఆ ఫోను దొరకాలని ఎంత ఉంటుందో దొరక్కూడదని అంతే ఉంటుంది. ఈ ఒక్క ముడి కోసం నాలుగేళ్ళు పట్టింది నాకు.

ఫొటో ఎవరు పెట్టారన్నది ఇక్కడ చెప్పను. కానీ ఒక మాట. ఇలాంటి పని చేసేది పిల్లలే అని ఎందుకనుకుంటాం? 2006లో అమెరికాలో, మిస్సోరి రాష్ట్రంలో, పదమూడేళ్ళ అమ్మాయితో మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటులో ఒక కుర్రాడు స్నేహం చేశాడు. కొన్నాళ్ళు తీయగా మాట్లాడాడు, తర్వాత ఉన్నట్టుండి తిప్పేసి క్రూరమైన మాటలన్నాడు. ఆ పిల్ల చనిపోయింది. తీరా చూస్తే అసలు అలాంటి కుర్రాడే లేడు. ఆ ఖాతా వెనకున్నవాళ్ళలో ఒకరు అదే వీధిలో ఉండే ఒక తల్లి. పెద్ద మనిషి. ఆ పిల్లకి తెలిసిన మనిషి. 2008లో జ్యూరీ ఆమెని చిన్న నేరాల కింద దోషి అంది, మరుసటి ఏడు జడ్జి అదీ కొట్టేశారు. దీనికి తగ్గ చట్టం లేదు మరి. అదే 2008లో మిస్సోరి వాళ్ళు వేధింపుల చట్టాన్ని మార్చుకున్నారు. లేని కుర్రాడు. దెయ్యం అంటే అదీ. నిజమైన దెయ్యం అదీ.

మన దగ్గర సంగతి అడుగుతారు. సైబర్ బుల్లీయింగ్ అని విడిగా ఒక నేరం మన చట్టంలో లేదు. ఐటీ చట్టంలో, నెట్‌లో నొప్పించే రాతలకి శిక్ష వేసే 66ఏ అనే సెక్షను ఉండేది, దాన్ని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. కొట్టేయడం సరైనదే అని నా అభిప్రాయం, ఎవరేం రాసినా లోపల వేయడానికి దాన్ని వాడారు. కానీ ఏ దారీ లేదనుకోకండి. ఒకరి బట్టల్లేని ఫొటోలు ఒప్పుకోలు లేకుండా తీసినా, పెట్టినా 66ఈ ఉంది. అశ్లీలమైతే 67. అందులో పిల్లలుంటే 67బీ, పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన పోక్సో చట్టం. ఆడపిల్లల వెంటపడి వేధిస్తే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఉంది. సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఆడపిల్లలకీ పిల్లలకీ సంబంధించినవైతే పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. తల్లిదండ్రులూ, దయచేసి ఒకటి వినండి. పిల్ల వచ్చి చెప్పగానే మీరు చేసే మొదటి పని ఫోను లాక్కోవడం. దానివల్ల పిల్ల రెండోసారి చెప్పదు. ఇంకోటి, సిగ్గుతోనో భయంతోనో అంతా డిలీట్ చేసేస్తారు. నంబరూ తారీకూ టైమూ కనపడేలా స్క్రీన్‌షాట్ ముందు తీసి పెట్టుకోండి. అది పిల్లల బట్టల్లేని ఫొటో అయితే మాత్రం స్క్రీన్‌షాట్ తీయొద్దు, ఎవరికీ పంపొద్దు, ఆధారం కోసమని కూడా వద్దు. నంబరు రాసుకుని నేరుగా పోలీసులకి చూపించండి.

నవల్లో ఇదంతా లేదు. సెక్షన్లు రాస్తే పిల్లలు పుస్తకం మూసేస్తారు. ఒక కానిస్టేబులు ఉన్నాడు, మంచివాడు, మూడు పేజీలు మాత్రమే ఉంటాడు.

ఇక ఒక్క విషయం చెప్పి ఆపుతాను. ఆ పద్యం చదివిన అమ్మాయి. నవల పూర్తయ్యాక, ఆ పిల్ల ఒప్పుకోకుండా ఇది బయటికి వెళ్ళకూడదు అనుకున్నాను. పేరు మార్చాను, ఊరు మార్చాను, పద్యం ఊసే లేదు, వీడియోని ఫొటో చేశాను. అయినా మూలం ఆ పిల్లదే. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. వెతుక్కుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. టైపు చేసిన కాగితాల కట్ట చేతిలో పెట్టాను. తీసుకుంది. టీ ఇచ్చింది. గొంతు బాగుంది. చక్కగా, నిదానంగా మాట్లాడుతుంది. నేనా రోజు చూశానని, జాబితాలో నా పేరుందని ఆ పిల్లతో చెప్పాను. తల వంచుకుని వింది. ఏమీ అనలేదు.

మూడు వారాలకి ఫోను చేసింది. 'చదివాను టీచర్. నాంచారి వచ్చినప్పుడు భయమేసింది. బాగుంది' అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఒక నిమిషం ఆగి అడిగింది, 'టీచర్, నవల్లో మౌనిక చూసే జాబితాలో పిల్లల పేర్లే ఉన్నాయే. అందులో టీచరు పేరు లేదేంటి?'

లేదు. నేను పెట్టలేదు. నాలుగేళ్ళు రాశాను, మౌనిక చేత ఒప్పించాను, పోస్టుమానునీ వార్డెన్‌నీ వదల్లేదు, నలభై మంది పిల్లల పేర్లు పూస గుచ్చినట్టు రాశాను. టీచరుని రాయలేదు. రాయలేదన్న సంగతి ఆ పిల్ల అడిగేదాకా నాకు తట్టనే లేదు.

మళ్ళీ మొదటి నుంచి రాశాను. ఇప్పుడు ఆ జాబితాలో పైనుంచి మూడో పేరు తెలుగు టీచరుది. ఆవిడకి ఒక అధ్యాయం ఉంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటుంది, ఒక చేతిలో గరిట, ఒక చేతిలో ఫోను. వంటింటి గుమ్మం దగ్గర నేల తడిగా ఉంటుంది.

ఇక మీరు అడగండి. పెద్దవాళ్ళు తర్వాత. ముందు పిల్లలు.